చేపల చెరువులో గుర్రపుడెక్కను తొలగించి ఎరువుగా మార్చడం

పాంటెడీరియేసీ కుటుంబానికి చెందిన గుర్రపుడెక్క దక్షిణ అమెరికా నుంచి వచ్చిన మొక్క అయినా, గోదావరి డెల్టాలోని పంట కాలువల్లో, చెరువుల్లో అది పరుచుకోని చోటు అరుదు. దాని ఊదారంగు పువ్వుల పై రేకు మీద పసుపు మచ్చ నిజంగా అందమైనదే. కానీ ఆ పువ్వులు రాలకముందే మొక్కను తీసివేయడం అత్యవసరం, ఎందుకంటే బురదలో పడిన విత్తనాలు ఏళ్ల తరబడి మొలకెత్తే శక్తిని నిలుపుకుంటాయి.

వేసవిలో కాలువలు కట్టేసి నీరు తగ్గినప్పుడు పని మొదలుపెట్టడం మేలు. వెదుళ్లకు కొబ్బరి తాడు కట్టి, తేలే మొక్కలను గాలి తోసుకెళ్లే వైపు ఉన్న గట్టుకు నెట్టి, వేళ్లతో సహా పైకి లాగాలి. ఉబ్బిన కాడను కోసి చూస్తే లోపలంతా గాలి నిండిన బెండులా ఉంటుంది. అందుకే మొక్క మునగదు. పక్కకు పాకే పిలక తెగి ఒక్కటి నీటిలో మిగిలినా మళ్లీ అల్లుకుంటుంది కనుక మరుసటి వారం తప్పక గాలించాలి. వేళ్ల గుబురులో పాములుంటాయి, ఒంటరిగా దిగవద్దు.

తీసిన మొక్కలను గట్టు మీద వాడనిచ్చి, ముక్కలుగా నరికి, వరిగడ్డి, పేడలతో పొరలుగా పేర్చి, తడి ఆరకుండా తిరగేస్తుంటే 2 నుంచి 3 నెలల్లో ఎరువు అవుతుంది. ఫ్యాక్టరీ వ్యర్థాలు కలిసే కాలువలోని మొక్కలు సీసం వంటి విషపూరిత భారలోహాలను పీల్చుకుంటాయి. వాటిని ఎరువుకు వాడకూడదు.