మర్ఫీ రేడియోకు ప్లగ్ పెట్టే ముందు

అటక మీంచి దింపిన వాల్వు రేడియోలు (ట్రాన్సిస్టర్లకు ముందు, గాజు గొట్టాలతో నడిచినవి) ఎక్కువగా పోయేది ఆ దింపిన రోజే. దుమ్ము తుడిచి, "మోగుతుందేమో చూద్దాం" అని ప్లగ్ పెడతారు. అయిదు నిమిషాల్లో మాడు వాసన వస్తుంది. తొలకరి పడ్డాక అయితే ఇంకా చేటు. లోపలి మైనం పూత కాగితపు కెపాసిటర్లు అన్నేళ్లుగా చెమ్మ పీల్చుకుని ఉంటాయి, తడిగాలికి మరింత లీకవుతాయి.

మర్ఫీ కంపెనీని 1929లో ఫ్రాంక్ మర్ఫీ, ఇ.జె. పవర్ కలిసి ఇంగ్లండ్‌లోని వెల్విన్ గార్డెన్ సిటీలో పెట్టారు. మర్ఫీ 1937లో బయటికి వెళ్లిపోయాడు, 1962లో కంపెనీ ర్యాంక్ సంస్థలో కలిసింది. మన దేశంలో ఠాణేలోని మర్ఫీ రేడియో ఆఫ్ ఇండియా ఆ పేరును ఇంటింటికీ చేర్చింది. పెదవి మీద వేలు పెట్టుకున్న మర్ఫీ పాపాయి బొమ్మ గుర్తున్నవాళ్లు ఇప్పటికీ బోలెడుమంది. ఈ సెట్లలో ఇవాళ బజార్లో దొరకనివి మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్, స్పీకర్‌ను నడిపే ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్, స్టేషన్ సిగ్నల్‌ను వడకట్టే ఐఎఫ్ కాయిల్సు. పది, ఇరవై రూపాయల కెపాసిటర్ మార్చకపోతే కాలేవి ఇవే.

ముందు సెట్ ఏ రకమో తేల్చుకోండి. ఇంగ్లండ్ మర్ఫీల్లో మోడల్ పేరు 'ఎ'తో మొదలైతే ఏసీ, 'బి' అయితే బ్యాటరీ, 'యు' అయితే ఏసీ-డీసీ. వెనక అట్ట ఊడిపోయి మోడల్ తెలియకపోతే వాల్వుల పేర్లు చదవండి. ఈసీహెచ్81, ఈఎల్84 లాంటి 'ఈ' వాల్వులు ఏసీ సెట్లవి, వాటి ఫిలమెంటు (లోపల వేడెక్కే తీగ) 6.3 వోల్టులది. యూసీహెచ్81, యూఎల్84, యూవై85 ఉంటే అది ఏసీ-డీసీ సెట్, ఫిలమెంట్లన్నీ 100 మిల్లీఆంప్స్ మీద వరసగా కలిపి ఉంటాయి. డీకే96, డీఎల్96 బ్యాటరీ సెట్ వాల్వులు, 1.4 వోల్టులవి. వాటికి పొరపాటున మెయిన్స్ తగిలిస్తే అన్నీ ఒక్క క్షణంలో పోతాయి.

'యు' సెట్లలో ఛాసిస్‌కు, అంటే భాగాలన్నీ బిగించిన ఇనప పళ్లేనికి, కరెంటు తీగ నేరుగా కలిసి ఉంటుంది. రెండు పిన్నుల ప్లగ్ తిరగేసి పెడితే ఛాసిస్ మొత్తం ఫేజు. 'ఈ' వాల్వులున్నంత మాత్రాన నిశ్చింతగా ఉండడానికీ లేదు, కొన్నిటిలో మెయిన్స్ నుంచి విడదీయని ఆటో ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. అందుకే ప్లగ్ బయట ఉంచి, స్విచ్ ఆన్ చేసి, ఒక్కో పిన్నుకూ ఛాసిస్‌కూ మధ్య మీటర్‌తో ఓములు చూడండి. ఏ కాస్త కలిసినట్టు చూపినా దాన్ని కరెంటు ఉన్న ఛాసిస్‌గానే లెక్కించాలి. సెట్‌ను మెయిన్స్ నుంచి విడదీసే ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా ముట్టుకోవద్దు. వేరియాక్ (వోల్టేజీని తిప్పి మార్చే పెట్టె) వోల్టేజీ తగ్గిస్తుందే గానీ మెయిన్స్ నుంచి విడదీయదు. నాబ్‌లను బిగించే చిన్న మరలు కూడా షాక్ కొడతాయి. ఆ గుంటల్లో మైనం నింపి ఉంటే దాన్ని గీకేయకండి, కంపెనీవాళ్లు కావాలనే పెట్టారు.

కొన్ని పాత ఏసీ-డీసీ సెట్లకు వాడేటప్పుడు వేడెక్కే మెయిన్స్ తీగ ఉంటుంది. అది మామూలు వైరు కాదు, లోపల రెసిస్టెన్స్ తీగ చుట్టి ఉంటుంది. పొడుగ్గా ఉంది కదా అని కోస్తే రెసిస్టెన్స్ తగ్గి వాల్వుల ఫిలమెంట్లు మాడతాయి.

ఇప్పుడు అసలు దొంగ దగ్గరికి. స్పీకర్‌ను నడిపే ఔట్‌పుట్ వాల్వు (ఈఎల్84 లాంటిది) గ్రిడ్‌కు, అంటే దాని కరెంటును అదుపు చేసే జాలీకి, ముందు స్టేజీ నుంచి శబ్దం మోసుకొచ్చే కెపాసిటర్ ఒకటుంటుంది, సాధారణంగా 0.01 మైక్రోఫారడ్‌ది. అది లీకైతే నెగెటివ్‌గా ఉండాల్సిన గ్రిడ్‌కు పాజిటివ్ వోల్టేజీ చేరి, ఈఎల్84 హద్దు మీరి కరెంటు లాగుతుంది. ప్లేటు ఎర్రబడుతుంది, ఆ వెనకే ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్, ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయర్ పోతాయి. సెట్ మాత్రం ఆ మొదటి నిమిషాల్లో చక్కగానే పాడుతుంది, మోసమంతా అక్కడే. పరీక్షించడం మానేసి, 630 వోల్టుల పాలియెస్టర్‌ది ముందే వేసేయండి. రూపం పోకూడదనుకుంటే పాత మైనం గొట్టాన్ని ఖాళీ చేసి కొత్తది అందులో దాచొచ్చు.

మెయిన్స్ రెండు తీగల మధ్య ఉన్న కెపాసిటర్ స్థానంలో ఎక్స్2 అనే భద్రతా రకం, ఏరియల్, ఎర్త్ సాకెట్లకు ఛాసిస్‌కు మధ్య ఉన్నవాటి స్థానంలో వై2 రకం తప్ప ఇంకేదీ వేయకూడదు. 'యు' సెట్లో ఆ ఏరియల్ కెపాసిటర్ షార్టయితే, గదిలో గోడ నుంచి గోడకు కట్టిన రాగి వల ఏరియల్ మొత్తానికి కరెంటు వస్తుంది. డీసీని చదును చేసే పెద్ద ఫిల్టర్ కెపాసిటర్లకు 450 వోల్టులవి తీసుకోండి, విలువ మాత్రం పాతదే ఉంచండి. హమ్ (గుయ్యిమనే మోత) తగ్గుతుందని 100 మైక్రోఫారడ్ పెట్టేవాళ్లున్నారు. ఈజడ్80 అనే రెక్టిఫయర్ వాల్వుకు మొదటి కెపాసిటర్ 50 మైక్రోఫారడ్ దాటకూడదు.

చెయ్యి పెట్టే ముందు ప్రతిసారీ 10 కిలోఓముల, 5 వాట్ల రెసిస్టర్‌తో ఆ ఫిల్టర్ కెపాసిటర్లను ఖాళీ చేసి, మీటర్‌తో చూసుకోండి.

మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు ఫేజులో 60 వాట్ల పాతకాలపు ఫిలమెంటు బల్బు సీరీస్‌గా పెట్టండి. ఎల్ఈడీ బల్బు పనికిరాదు. వోల్టేజీ మార్చే ట్యాపింగు 200లో ఉంటే పైదానికి, 240కో 250కో మార్చండి. బల్బు కాస్త వెలిగి మసకబారి, వాల్వులు వేడెక్కాక మళ్లీ కొంచెం పెరిగి నిలబడితే మంచిదే. పూర్తి వెలుగుతో అలాగే ఉంటే వెంటనే ఆపేయండి. ఔట్‌పుట్ వాల్వులో ప్లేటు నల్లగా ఉండి, లోపలి స్క్రీన్ గ్రిడ్ మాత్రం ఎర్రగా కాలుతుంటే ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ తెగినట్టు. ఆ సన్నని రాగి తీగ చెమ్మకు పచ్చగా చిలుమెక్కి తెగుతుంది. బల్బు తీసేశాక 500 మిల్లీఆంప్స్ స్లో బ్లో ఫ్యూజు ఉంచండి. చౌక స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద నడపొద్దు, ట్రాన్స్‌ఫార్మర్ కాగుతుంది.

వానాకాలంలో మబ్బు పట్టగానే స్విచ్ ఆపితే చాలదు. ప్లగ్ పీకండి, బయటి ఏరియల్ తీగనూ పీకి దూరంగా పెట్టండి. ఉరుము వినబడ్డాక మాత్రం ఆ తీగ జోలికి వెళ్లొద్దు. పెట్టెను ప్లాస్టిక్ సంచిలో చుట్టకండి, లోపలి చెమ్మ బయటికి పోదు. గోడకు జానెడు దూరంలో, బల్ల మీద, గుడ్డ సంచీలో సిలికా జెల్ వేసి ఉంచండి. తడిసిన సెట్‌ను ఎండలో పెడితే టేకు పొర లేస్తుంది, కాయిల్స్ మైనం కరుగుతుంది. ఫ్యాను కింద రెండు మూడు రోజులు ఆరనివ్వండి.

స్టేషన్ పట్టాక డయల్ ముల్లు కొంచెం పక్కకు చూపిస్తే ఐఎఫ్ కాయిల్స్ మరలు తిప్పకండి. విజయవాడ 837 కిలోహెర్ట్జ్ అంటే మీటర్ల డయల్ మీద 358 దగ్గర. ముల్లు పక్కకుంటే ముందు డయల్ దారం జారిందేమో చూడండి. బరబరమంటే ఇంట్లో ఎల్ఈడీ బల్బులు, ఫోన్ ఛార్జర్లు ఒక్కొక్కటే ఆపి వినండి.