ఫ్రీ సౌండే కదా వాడింది, మరి క్లెయిమ్ ఎందుకొచ్చింది?

సమస్య: షార్ట్ ఫిల్మ్‌లో వాన చప్పుడు ఫ్రీసౌండ్ (జనం తాము రికార్డు చేసిన సౌండ్లు పంచుకునే సైట్) నుంచి తెచ్చి పెట్టారు. యూట్యూబ్‌లో ఎక్కించగానే కాపీరైట్ క్లెయిమ్.

టెన్షన్ వద్దు. ఇది ఛానల్‌కు శిక్షగా పడే స్ట్రైక్ కాదు, "ఈ సౌండ్ మాది" అనే క్లెయిమ్ మాత్రమే. సాధారణంగా జరిగేదేమిటంటే, అదే వాన చప్పుడును ఇంకెవరో తమ పాటలో కలిపి, ఆ పాటను కంటెంట్ ఐడీలో (వీడియోల్లోని సౌండ్లను దానంతటదే పోల్చి చూసే యూట్యూబ్ వ్యవస్థలో) నమోదు చేసి ఉంటారు. వాన ఎవరిదో మెషీన్‌కేం తెలుసు! సౌండ్ పేజీ లింకు, లైసెన్స్ పేరు రాసి డిస్ప్యూట్ పెట్టండి. జవాబివ్వడానికి అవతలివారికి 30 రోజుల గడువుంటుంది.

సమస్య: "నా పేరు వేయలేదేం?" అని సౌండ్ రికార్డు చేసినవారి మెసేజ్.

ఇక్కడ తప్పు మనదే. ఫ్రీసౌండ్‌లో ఇప్పుడు ఎక్కువగా కనిపించేవి మూడు క్రియేటివ్ కామన్స్ (సీసీ) లైసెన్సులు, అంటే తమ పనిని ఇతరులు ఏ షరతులతో వాడుకోవచ్చో చెప్పే రెడీమేడ్ అనుమతులు. సీసీ జీరో అయితే పేరు వేయనక్కర్లేదు. సీసీ బై అయితే వేయాల్సిందే. "థ్యాంక్స్ టు ఫ్రీసౌండ్" అంటే సరిపోదు. సౌండ్ పేరు, చేసినవారి యూజర్‌నేమ్, లైసెన్స్ పేరు, సౌండ్ పేజీకీ లైసెన్స్‌కీ లింకులు, కత్తిరించి ఉంటే ఆ మాట కూడా డిస్క్రిప్షన్‌లో రాయండి. ఈ లైసెన్స్ 4.0 వెర్షన్‌లో ఒక వెసులుబాటు ఉంది: తప్పు తెలిసిన 30 రోజుల్లోపు దిద్దుకుంటే, షరతు తప్పినందుకు పోయిన వాడుకునే హక్కు దానంతటదే తిరిగొస్తుంది.

సమస్య: మానిటైజేషన్ ఆన్ చేశాక చూస్తే లైసెన్స్‌లో "ఎన్‌సీ" అని ఉంది.

ఆ మూడింటిలో మూడోది ఇదే. ఎన్‌సీ అంటే నాన్ కమర్షియల్, అది వ్యాపారానికి పనికిరాదు. డబ్బు తీసుకుని చేసే పెళ్లి వీడియో కూడా వ్యాపారమే. చేసినవారిని అనుమతి అడగొచ్చు కానీ, సౌండ్ మార్చేయడమే తేలిక. బీబీసీ 2018లో తెరిచిన 16,000 పైచిలుకు ఎఫెక్టులూ ఇలాంటివే: సొంత వాడకానికి, చదువుకు, పరిశోధనకు మాత్రమే ఫ్రీ.

సమస్య: దించుకున్నప్పుడు సీసీ జీరో, ఇప్పుడు ఆ పేజీయే లేదు.

ఒకసారి ఇచ్చిన క్రియేటివ్ కామన్స్ లైసెన్స్‌ను వెనక్కి తీసుకోలేరు, మీ కాపీకి ఢోకా లేదు. కావలసింది రుజువు. ఫ్రీసౌండ్ ఫైలు పేరులోనే సౌండ్ నంబరు, యూజర్‌నేమ్ ఉంటాయి. మనం చేసే ఘనకార్యం దాన్ని "రెయిన్ ఫైనల్ 2" అని మార్చేయడం. మార్చకండి, దించుకున్న రోజే లైసెన్స్ పేజీ స్క్రీన్‌షాట్ తీసి అదే ఫోల్డర్‌లో పడేయండి.

అన్నట్టు, తెలిసిన సినిమాలోని డైలాగో బీజీఎమ్మో "సీసీ జీరో" అని కనిపిస్తే ముట్టుకోకండి. ఎక్కించినవారికే ఆ హక్కు లేనప్పుడు మీకెక్కడి నుంచి ఇస్తారు?