లేత బర్గండీ వైన్లను అంచనా వేయడానికి ఒక చిట్కా

ఫ్రాన్సులోని బర్గండీ ప్రాంతపు లేత (ఇంకా పాతబడని) వైన్లను ఒకే పూట రుచి చూడవలసి వస్తే, అక్కడి నేలమాళిగల్లో చాలామంది పాటించే పద్ధతిలో ముందు ఎరుపు, తరువాత తెలుపు తీసుకోండి. అక్కడి తెల్ల వైన్ ద్రాక్ష అయిన షార్డొనే పులుపు నాలుక మీద నిలిచి ఉండగా తాగితే, ఎర్ర వైన్ ద్రాక్ష అయిన పినో నువార్ వగరు ఉన్నదానికంటే గరుకుగా తోస్తుంది.

ఎరుపు రంగు పలుచగా ఉన్నంత మాత్రాన దానిని తక్కువగా చూడకండి, ఎందుకంటే పినో నువార్ ద్రాక్ష తొక్కలో రంగు పదార్థమే తక్కువ. వగరు ఎంత ఉన్నదనే దానికంటే, అది చిగుళ్లను ఎండగట్టి ఆగిపోతున్నదా, లేక మింగిన తరువాత కూడా పండు రుచిని నిలుపుతున్నదా అన్నదే నేను ముఖ్యంగా గమనిస్తాను.

బర్గండీలోని మెర్సో గ్రామపు వైన్ వంటి తెల్ల వైన్‌లో తొలుత కొత్త ఓక్ పీపా వాసనో, గీసిన అగ్గిపుల్ల వాసనో పైకి రావచ్చు. అప్పుడే తీర్పు చెప్పకుండా, గ్లాసును అరగంట పక్కన ఉంచి, సుమారు 12 డిగ్రీల వద్ద మళ్లీ చూడండి. మరీ చల్లగా ఉంటే వాసన ముడుచుకుపోతుంది. లేత వయసులోనే ముదురు బంగారు రంగు, కోసి ఉంచిన యాపిల్ వాసన కనిపిస్తే మాత్రం, 1990ల మధ్య నాటి పంటల నుంచి తెల్ల బర్గండీని వేధిస్తున్న అకాల ఆక్సీకరణను (గాలి ప్రభావంతో వైన్ ముందుగానే ముదిరి చెడిపోవడాన్ని) అనుమానించి, మిగిలిన సీసాలను దాచకుండా త్వరగా తెరవండి.