స్ట్రోక్ తర్వాత లేనివి కనబడుతుంటే: నాన్న దగ్గర నేర్చుకున్నవి

ఆసుపత్రి నుంచి నాన్నను ఇంటికి తెచ్చిన మూడో వారం. దీపాలు పెట్టే వేళ పిలిచి, "అమ్మాయ్, గోడ పక్కన ఆ పిల్లలెవరు? పచ్చ గౌన్లు వేసుకున్నారు" అన్నారు. అక్కడ దండెం మీద తువ్వాలు తప్ప ఏమీ లేదు. "ఎవరూ లేరు, పడుకోండి" అనేశాను. ఆ తర్వాత నాలుగు రోజులు ఆయన ఏమీ చెప్పలేదు. నేను చేసిన తప్పు అది.

అందుకే ముందు అడగండి. ఏం కనబడుతోంది, ఏ వైపు, మాట్లాడుతున్నారా అని నెమ్మదిగా. ఉన్నారని ఒప్పుకోనక్కర్లేదు, లేరని వాదించనక్కర్లేదు. "నాకు కనబడట్లేదు నాన్నా. మీకు భయమేస్తోందా?" అంటే చాలు. నేను అలా అడిగిన రోజు ఆయన గొంతు తగ్గించి, "నిజం కాదని నాకూ తెలుసమ్మా. పిచ్చెక్కిందంటారని చెప్పలేదు" అన్నారు.

పిచ్చి కాదు, గాలి సోకడమూ కాదు. నాన్నకు మెదడు వెనక భాగంలో, కుడివైపు రక్తపు గడ్డ అడ్డుపడింది. కళ్ళు చూసినదాన్ని అర్థం చేసుకునే చోటు అది. కళ్ళు రెండూ బాగున్నా ఆయనకు ఎడమ సగం కనబడదు. ఆ సగం నుంచి ఏమీ అందక మెదడు తనంతట తానే బొమ్మలు అల్లుతుందని డాక్టరుగారు చెప్పారు. చూపు తగ్గిన తన తాతగారికి ఇలాగే మనుషులు కనబడేవారని 1760లోనే స్విట్జర్లాండ్‌లో షార్ల్ బొనే అనే శాస్త్రవేత్త రాశాడట. అది విన్నాక నాన్నకు సగం టెన్షన్ తీరింది. పిన్ని తాయెత్తు తెస్తే కట్టించుకున్నారు, కానీ డాక్టరు దగ్గరికి వెళ్ళడం మానలేదు.

ఒక నోటుబుక్కు పెట్టండి. ఎన్నింటికి వచ్చింది, ఎంతసేపుంది, ఏ వైపు, ఆ రోజు జ్వరం ఉందా, కొత్త మాత్ర ఏదైనా మొదలైందా అన్నీ రాయండి. డాక్టరుకు అదే ఎక్కువ పనికొస్తుంది. ఎందుకంటే కారణం ప్రతిసారీ ఒకటే కాదు. ఒకేలాంటి రంగు చుక్కలో వలయాలో కొద్ది సెకన్లు కనబడి పోతుంటే అవి ఫిట్స్ కావచ్చు. మనుషుల్ని గుర్తుపట్టక, పగలూ రాత్రీ తేడా తెలియక కలవరిస్తుంటే మూత్రంలో ఇన్ఫెక్షనో, ఒంట్లో సోడియం తగ్గడమో, ఏదైనా మందో కారణం కావచ్చు. అప్పుడు ఆలస్యం చేయకండి.

మాకు ఇంట్లో బాగా పనిచేసింది వెలుతురు. పొద్దు వాలకముందే ట్యూబులైటు వేసేదాన్ని, దండెం మీద బట్టలు తీసేసేదాన్ని. పిల్లలు కనబడగానే నాన్న కూర్చునే, తల కదపకుండా, చూపు ఒక్కటే ఎడమకూ కుడికీ సుమారు సెకనుకొకసారి తిప్పుతారు. పదిహేనుసార్లు తిప్పేసరికి చాలాసార్లు మాయమవుతారు. కొందరికి రెప్పలు గట్టిగా ఆర్పినా, లేచి వేరే గదిలోకి వెళ్ళినా పోతాయి. ఎడమవైపు కనబడనివాళ్ళు లేచి నడిచేటప్పుడు మాత్రం పక్కన మనిషి ఉండాలి.

మెడికల్ షాపులో అడిగి నిద్రమాత్ర వేయొద్దు. రక్తం పలచబడే మాత్రలు సొంతంగా ఆపొద్దు.

ఉన్నట్టుండి చూపు పోయినా, మూతి వంకరపోయినా, మాట తడబడినా, చెయ్యి పడిపోయినా నోటుబుక్కు వెతుక్కోకుండా 108కి ఫోన్ చేయండి. ఆఖరుగా ఎన్నింటికి మామూలుగా ఉన్నారో వాళ్ళకు చెప్పండి. గడ్డ కరిగించే ఇంజెక్షను సాధారణంగా నాలుగున్నర గంటల్లోపే ఇస్తారు.