కారు ఆయిల్ తాగుతోందా? బోరు చేయించే ముందు ఇవి చూడండి

రెండు లక్షల కిలోమీటర్లు దాటిన పెట్రోల్ కారులో ఆయిల్ తగ్గిపోతోందంటే చాలాసార్లు వినిపించే మాట, "ఇంజిన్ బోరుకొచ్చింది సార్". అంటే సిలిండర్ల లోపలి గోడలు అరిగాయి, ఇంజిన్ విప్పి వాటిని మళ్లీ కోయించాలని. వెంటనే ఒప్పుకోకండి. ముందు ఆయిల్ కారుతోందా, కాలుతోందా తేల్చుకోండి.

రాత్రి ఇంజిన్ కింద పాత అట్టముక్క పరచండి. పొద్దున మరకలుంటే లీకే. మరక లేకపోయినా ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ట్యాపెట్ కవర్ (ఇంజిన్ పైమూత) అంచులు వేలితో తడిమి చూడండి. కొన్ని లీకులు ఇంజిన్ వేడెక్కాకే కారి, సైలెన్సర్ పైపు మీద పడి కాలిపోతాయి. కింద చుక్క కూడా కనపడదు, మాడిన వాసన మాత్రం వస్తుంది.

తర్వాత పొగ. పొద్దున స్టార్ట్ చేయగానే గుప్పున నీలం పొగ వచ్చి కాసేపటికి ఆగిపోతే ఎక్కువసార్లు వాల్వ్ సీళ్లే (వాల్వుల పక్క నుంచి ఆయిల్ సిలిండర్‌లోకి దిగకుండా ఆపే చిన్న రబ్బరు మూతలు) కారణం. రాత్రంతా వాటి గుండా దిగిన ఆయిల్ అలా కాలుతుంది. మా పాత కారుకు ఇదే జరిగింది. సీళ్లు మార్పిస్తే సరిపోయింది, బోరు జోలికి వెళ్లలేదు.

అలా కాకుండా యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా పొగ వస్తుంటే పిస్టన్ చుట్టూ ఉండే రింగుల మీద అనుమానం. కంప్రెషన్ టెస్ట్ (ఒక్కో సిలిండర్‌లో ఒత్తిడి కొలిచే పరీక్ష) చేయించండి. తక్కువ వచ్చిన సిలిండర్‌లో ఒక చెంచా ఆయిల్ పోసి మళ్లీ చూడమనండి. రీడింగ్ బాగా పెరిగితే రింగులో, బోరో అరిగినట్టే.

అన్నట్టు, పీసీవీ వాల్వ్ (ఇంజిన్ లోపల చేరే ఆవిర్లను బయటికి లాగే చిన్న వాల్వ్) మూసుకుపోయినా ఆయిల్ కాలుతుంది. చాలా కార్లలో అది చవకైన భాగమే, ముందు దాన్నే చూపించండి. ఇదంతా తేలేదాకా వారానికోసారి డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) చూస్తూ, మట్టం దాని కింది గీత కంటే తగ్గకుండా ఆయిల్ పోస్తూ ఉండండి.