పూర్వీకుల జనన నమోదు వెతకబోయే ముందు జాగ్రత్తలు

ముందు ఊరు తేల్చుకోండి. తొలి కాన్పు పుట్టింట్లో జరగడం మన ఆనవాయితీ కాబట్టి, తాతగారి సొంతూరి కంటే ఆయన అమ్మమ్మగారి ఊరి రిజిస్టరే ముందు చూడాలి.

పేరుతో వెతకవద్దు. తండ్రి పేరు, తేదీ పట్టుకుని వెతకండి. బారసాలకు ముందే నమోదైతే పేరు గడి ఖాళీగానే ఉండిపోతుంది. మా నాయనమ్మ వరుసలో ఉన్నవి "ఆడ శిశువు" అన్న రెండు మాటలే, అదీ వెలిసిపోయిన సిరాలో. పక్కనే ముత్తాత పేరు లేకపోతే ఆ పుట తిప్పేసేవాళ్లం.

జాతకంలో "ప్రభవ" అని కనబడగానే 1927 అని రాసుకోకండి. ఆ ఏటి మాఘమాసం 1928లో వచ్చింది.

పాత జిల్లా ఏదో చూసుకోండి. 1970కి ముందు ఒంగోలు గుంటూరు జిల్లాలో ఉండేది.

బడిలో వేసిన పుట్టిన తేదీ ఆధారమే కానీ రుజువు కాదు. చేర్చుకోవడానికి వయసు సరిపెట్టి రాసినవి ఎన్నో!

దేశమంతటా జనన నమోదును తప్పనిసరి చేసిన చట్టం 1969 నాటిది. అంతకు ముందువి దొరకకపోతే, ఏయే సంవత్సరాలు వెతికారో పేర్కొంటూ "లభ్యం కాలేదు" అని రాతపూర్వకంగా తీసుకోండి.

పాత కాగితం పెళుసు. వేలు తడి చేసి పుటలు తిప్పవద్దు.