ఫ్లై-ఇన్ బ్రేక్‌ఫాస్ట్‌కు వెళ్తున్నారా? ముందు వెళ్తున్న విమానాన్ని నమ్ముకోకండి

2025 ఫిబ్రవరి 19న అరిజోనాలోని మరానా ఎయిర్‌పోర్ట్ దగ్గర రెండు చిన్న విమానాలు గాలిలో ఢీకొన్నాయి. సెస్నా 172 క్షేమంగా దిగింది. రెండో విమానం లాన్‌కెయిర్‌లో ఉన్న ఇద్దరూ చనిపోయారు. అంతకుముందు 2022 ఆగస్టు 18న కాలిఫోర్నియాలోని వాట్సన్‌విల్‌లో ఇలాంటిదే జరిగింది. ప్యాటర్న్‌లో, అంటే దిగేముందు రన్‌వే పక్కన తిరిగే దారిలో ఉన్న సెస్నా 152ని, నేరుగా ఫైనల్‌కు (రన్‌వేకు ఎదురుగా దిగే చివరి దారికి) వేగంగా వస్తున్న రెండింజన్ల సెస్నా 340 గుద్దింది. ముగ్గురు పోయారు. అప్పటికి రెండు చోట్లా కంట్రోల్ టవర్ లేదు. వాట్సన్‌విల్‌లో అయితే పైలట్లిద్దరూ ఒకే ఫ్రీక్వెన్సీలో రేడియో కాల్స్ ఇస్తూనే ఉన్నారు.

సొంత విమానాల్లో, క్లబ్ విమానాల్లో ఎగిరొచ్చి కలిసి టిఫిన్ తినే ఫ్లై-ఇన్ బ్రేక్‌ఫాస్ట్‌ల రోజులు మళ్ళీ వస్తున్నాయి. టెక్సస్, ఓక్లహోమా పల్లెల్లో శనివారం పొద్దున్నే ఈఏఏ (చిన్న విమానాల ఔత్సాహికుల సంఘం) చాప్టర్ల వాళ్ళు హ్యాంగర్ తలుపులు తెరిచి పాన్‌కేకులు, సాసేజ్, గుడ్లు వేడివేడిగా పెడతారు. డాలస్ చుట్టుపక్కల ఫ్లయింగ్ క్లబ్బుల్లో ఉన్న మనవాళ్ళు కూడా గుంపుగా బయల్దేరతారు. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చేది కూడా ఈ నెలల్లోనే. వాళ్ళను ఒక్కసారైనా విమానంలో తిప్పాలని ఎవరికుండదు? అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. ఆయిల్ చూసుకోండి, ట్యాంకులో నీళ్ళున్నాయేమో చూడండి లాంటివి చెప్పను, అవి మీకు తెలుసు.

గుంపుగా వెళ్ళేటప్పుడు పైలట్‌ను ముంచే తప్పు ఒకటుంది. ముందు విమానం వెళ్ళింది కదా, మనమూ వెళ్ళొచ్చు అనుకోవడం. ఒంటరిగా అయితే ఇంట్లోంచే కదలని వాతావరణంలోకి, గుంపులో అయిదో విమానంగా ధీమాగా వెళ్ళినవాళ్ళను చూశాను. ముందువాళ్ళు దిగారని తాము దిగలేని రన్‌వేపై దిగబోయి, విమానం విరగ్గొట్టుకుని, ఆ తర్వాత ఎగరడమే మానేసినవాళ్ళనూ చూశాను. దీనికి మూలం మొహమాటం. వాట్సాప్ గ్రూపులో అందరూ వస్తున్నామని పెట్టాక, మనమొక్కరమే వెనక్కి తిరిగితే ఏమనుకుంటారో అని. నేల మీద గొర్రెదాటుకు మహా అయితే డబ్బులు పోతాయి. గాలిలో ప్రాణాలు పోతాయి. అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ నిబంధన 91.3 ప్రకారం మీ విమానంలో తుది నిర్ణయం పైలట్ ఇన్ కమాండ్‌గా మీదే. మీ క్లబ్ పెద్దాయన ముందు విమానంలో ఉన్నారు. ఆయన అనుభవం, ఆయన ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ (బయట ఏమీ కనిపించకపోయినా మీటర్లు చూసి నడిపే అర్హత), ఆయన ట్యాంకులోని పెట్రోలు ఏవీ మీ విమానంలో లేవు.

పొగమంచు

బ్రేక్‌ఫాస్ట్ అంటే పొద్దున్నే బయల్దేరాలి. రాత్రంతా ఆకాశం తేటగా ఉండి, గాలి ఆగిపోయి, ఉష్ణోగ్రతకూ డ్యూ పాయింట్‌కూ (గాలిలో తేమ నీటిబొట్లుగా మారే ఉష్ణోగ్రత) మధ్య తేడా 3 డిగ్రీల సెల్సియస్ లోపుకు వస్తే పల్లపు పొలాల మీద పొగమంచు పరుచుకుంటుంది. సూర్యుడు రాగానే పోతుందని అందరూ అనుకుంటారు. పోయేముందు కాసేపు ఇంకా చిక్కబడటం కూడా ఉంది. చాలా పల్లె ఎయిర్‌పోర్టులకు సొంత వాతావరణ రిపోర్టు ఉండదు. మీరు ఫోన్‌లో చూసేది పక్క ఊరి సంగతి.

ఇక్కడే ఆ తప్పు జరుగుతుంది. 6:40కి దిగినవాడు 'బ్రహ్మాండంగా ఉంది, వచ్చేయండి' అని మెసేజ్ పెడతాడు. అతనికి అది నిజమే. 7:10కి మీకు నిజం కాకపోవచ్చు. 1954లో ఇలినాయ్ యూనివర్సిటీలో ఇన్‌స్ట్రుమెంట్ శిక్షణ లేని 20 మందిని మేఘంలోకి వెళ్ళినట్టు పరీక్షించారు. ఇరవై మందీ విమానం మీద అదుపు కోల్పోయారు. సగటున పట్టిన సమయం 178 సెకన్లు. మూడు నిమిషాలు కూడా కాదు. ముందున్న విమానం తెల్లదనంలో కలిసిపోతూ కనిపిస్తే, దాని వెనకాల వెళ్ళకండి. అప్పుడే, అక్కడే వెనక్కి తిరగండి.

ప్యాటర్న్

రోజుకు నాలుగు విమానాలు దిగే చోటికి పావుగంటలో పన్నెండు వస్తాయి. అందులో సగం సెస్నాలే, అన్నీ తెల్లవే. 'సెస్నా వెనకాల నేను రెండో నంబర్' అని ఒకరు అంటారు. ఏ సెస్నా? మీకు కనిపించింది ఒకటి, ఆయన చెప్పింది ఇంకొకటి. మీరు వెంబడించేది మూడోది. ముందు విమానం కనిపించిందని నిశ్చింతగా ఉండటం వల్లే దాని కింద ఉన్న రెండోది కనిపించకుండా పోతుంది. అందుకే రంగు, రకం, ఎక్కడున్నారో చెప్పండి. ఎయిర్‌పోర్ట్ పేరు కాల్ మొదట్లోనూ చివరా చెప్పండి, ఎందుకంటే 122.8 రేడియో ఫ్రీక్వెన్సీ మీద చుట్టుపక్కల నాలుగైదు ఊళ్ళ వాళ్ళు మాట్లాడుతుంటారు. 'ఈ ప్రాంతంలో ఎవరైనా ఉంటే చెప్పండి' అని అడగకండి. ఆ కాల్ వాడొద్దని ఎఫ్‌ఏఏ స్పష్టంగా చెప్పింది.

డౌన్‌విండ్‌లోకి (ప్యాటర్న్‌లో రన్‌వేకు సమాంతరంగా వెళ్ళే భాగం) 45 డిగ్రీల కోణంలో, ప్యాటర్న్ ఎత్తులో ఉండి చేరండి. ఆకలిగా ఉందని ప్యాటర్న్ తిరగకుండా నేరుగా దిగే స్ట్రెయిట్-ఇన్ చేయకండి. దిగడానికి వస్తున్న విమానాల్లో కింద ఉన్నదానికి దారి హక్కు ఉందని 91.113 చెప్తుంది. ఆ హక్కు పట్టుకుని ఎదుటివాడి ముందు దూరకూడదని కూడా అదే నిబంధన చెప్తుంది.

రన్‌వే విషయంలోనూ ఆ తప్పే. మొదట వచ్చినవాడు ఏ వైపు నుంచి దిగితే మిగతా అందరూ అటే దిగుతారు. ఈలోగా గాలి మారుతుంది. ల్యాండింగ్ వేగంలో పదో వంతు వెనక గాలి ఉంటే చాలు, దిగే దూరం అయిదో వంతుకు పైగా పెరుగుతుంది. గాలి దిక్కు చూపే విండ్‌సాక్‌ను మీ కళ్ళతో మీరే చూడండి. గడ్డి రన్‌వే అయితే లెక్క మళ్ళీ వేయండి. సెస్నా 172ఎస్ విమానం మాన్యువల్ పొడి గడ్డికి టేకాఫ్ గ్రౌండ్ రోల్‌లో (నేల మీద పరిగెత్తే దూరంలో) 15 శాతం, ల్యాండింగ్ గ్రౌండ్ రోల్‌లో 45 శాతం కలపమంటుంది. తడి గడ్డి ఇంకా దారుణం, పొద్దున్న ఏ గడ్డయినా తడిగానే ఉంటుంది.

తిరుగు ప్రయాణం

వచ్చేటప్పుడు చల్లగా ఉంటుంది, వెళ్ళేటప్పుడు ఉండదు. 1,500 అడుగుల ఎత్తున్న ఊరిలో పదకొండు గంటలకు 34 డిగ్రీలు ఉంటే, ఆ ఎత్తుకు ఉండాల్సిన దానికంటే 22 డిగ్రీలు ఎక్కువ. డిగ్రీకి 120 అడుగుల చొప్పున కలిపితే డెన్సిటీ ఆల్టిట్యూడ్ (వేడికి పలచబడ్డ గాలి ఏ ఎత్తులోని గాలితో సమానమో ఆ ఎత్తు) 4,100 అడుగులు దాటుతుంది. ఇంజన్, రెక్క రెండూ ఆ ఎత్తులో ఉన్నట్టే పనిచేస్తాయి. నిండు ట్యాంకులతో 172ఎస్‌లో నలుగురు పెద్దవాళ్ళు పట్టరు. సీట్లు నాలుగున్నాయి గానీ, బరువు ఒప్పుకోదు. అత్తగారిని బరువు అడగాలంటే మొహమాటంగానే ఉంటుంది. అడగండి. మీ ముందు బొనాంజా విమానం సునాయాసంగా లేచిందా? దాని ఇంజన్ వేరు, దాని బరువు వేరు. అది లేచిందని మీరు లేస్తారని ఎవరు చెప్పారు?

ఇక మిగతావి, గుర్తొచ్చిన వరుసలో.

ఒకరికొకరు కనీసం అయిదు నిమిషాల ఎడంలో బయల్దేరండి.

ఫోటోల కోసం పక్కపక్కన ఎగరకండి. ముందే మాట్లాడుకుని ఒప్పుకోకుండా ఇలా ఫార్మేషన్‌లో ఎగరడం నిబంధన 91.111కు విరుద్ధం. శిక్షణ లేకుండా మాట్లాడుకుని చేసినా ప్రమాదమే.

చుట్టుపక్కల విమానాలను చూపే ఏడీఎస్‌బీ తెర ఖాళీగా ఉందని ఆకాశం ఖాళీ అనుకోకండి. ఎలక్ట్రికల్ సిస్టమ్ లేని పాత కబ్ విమానాలు అందులో కనపడకపోవచ్చు. వాటిలో రేడియో కూడా ఉండకపోవచ్చు, ఉండాలని రూలు లేదు. పొలాలకు మందు కొట్టే విమానాలు బాగా కింద తిరుగుతుంటాయి. బయటికి చూడండి.

90 రోజుల్లో మూడు టేకాఫ్‌లు, మూడు ల్యాండింగ్‌లు చేయనివాళ్ళు ఎవరినీ ఎక్కించుకోకండి.

గడ్డిపై దిగడానికి క్లబ్ ఇన్సూరెన్స్ ఒప్పుకుంటుందా? ముందురోజే చదవండి.

పెట్రోలు అక్కడ పోయించుకుందాంలే అనుకోకండి. పగటి వీఎఫ్‌ఆర్‌కు (బయటికి చూస్తూ నడిపే ప్రయాణానికి) అరగంట రిజర్వ్ చట్టం అడిగే కనీసం. మీరు గంట పెట్టుకోండి. ప్యాటర్న్‌లో ఇరవై నిమిషాలు తిరగాల్సి రావచ్చు.

శుక్రవారం రాత్రి పార్టీ ఉంటే శనివారం నడపకండి. తాగాక ఎనిమిది గంటలు ఆగాలన్న నిబంధన దాటినా నిద్ర చాలదు.

ఫైనల్‌లో ఉండగా ముందు విమానం రన్‌వే వదల్లేదా? గో అరౌండ్, అంటే దిగకుండా మళ్ళీ పైకి లేవండి. ఫైనల్ దాటిపోయారా? టర్న్ బిగించకండి, గో అరౌండ్. కింద ప్లేట్లు పట్టుకుని వంద మంది చూస్తున్నా సరే, గో అరౌండ్.

ఇంజన్ పూర్తిగా ఆగాకే తలుపు తీయండి. దిగినవాళ్ళను రెక్క వెనక నుంచే నడిపించండి. ఆగిన ప్రొపెల్లర్‌ను కూడా ఎవరూ ముట్టుకోకూడదు.

పిల్లల చెయ్యి వదలొద్దు. అక్కడ ఇరవై విమానాలుంటాయి, ఏది ఎప్పుడు స్టార్ట్ అవుతుందో తెలియదు.

అమ్మ కొంగు, చెల్లి చున్నీ దోపించండి. విమానం ఎక్కకముందే.

వెనక్కి తిరిగి ఇంటికెళ్ళిపోయినవాళ్ళను గ్రూపులో ఆటపట్టించకండి. ఒక్క మెసేజ్ కూడా వద్దు. వచ్చేసారి ఆ మెసేజ్ గుర్తొచ్చే వాళ్ళు ముందు విమానం వెనక మంచులోకి వెళ్తారు.

తిరుగు ప్రయాణానికి వాతావరణం మళ్ళీ చూడండి. పొద్దున్న చూసింది పొద్దున్నకే. ముందు విమానం లేచిందని లేవకండి.

వీఎఫ్‌ఆర్ ఫ్లైట్ ప్లాన్ ఫైల్ చేస్తే దిగగానే క్లోజ్ చేయండి. టవర్ లేనిచోట మీ బదులు ఎవరూ చేయరు. చెప్పిన సమయం దాటి అరగంటయితే మీ కోసం వెతకడం మొదలుపెడతారు.